బంక పెట్టిన కాయలు

ఆ మాట రాసినప్పుడు పెర్షెంగ్‌కి ఆకలిగా ఉంది. తర్వాత ఎంత ఆలోచించినా అంతకంటే గొప్ప కారణం ఆమెకే దొరకలేదు.

పొద్దుటి నుంచి సంఘం గోదాములో కూచుని పదకొండు గోతాల మాచికాయలు ఏరింది. చూసేవాళ్ళకి అది గోళీలాటలా ఉంటుంది. ఓక్ కొమ్మల మీంచి తెంపుకొచ్చిన రేగుపండంత గుండ్రటి కాయలు, ఒంటినిండా మొటిమలు. నీలంగా ఉన్నది ఈ బుట్టలోకి, పాలిపోయింది ఆ బుట్టలోకి. నీలం కాయంటే లోపల పురుగు ఇంకా ఉన్నట్టు. బరువుగా ఉంటుంది, నాలుకకి తగిలితే నోరంతా పిడచకట్టుకుపోయేంత వగరు. తోళ్ళ పనివాళ్ళకీ రంగులద్దేవాళ్ళకీ అదే కావాలి. లోపలి పురుగు రెక్కలొచ్చి, గోడకి బెజ్జం కొట్టుకుని ఎగిరిపోయిందంటే కాయ రంగు దిగి బెండులా తేలిపోతుంది. దాన్ని ఎవరూ అడగరు. అందుకని ఏరే మనిషి పనల్లా బెజ్జం వెతకడమే. నాలుగేళ్ళు మొక్కల తెగుళ్ళు చదివి, యూనివర్సిటీలో మొదటి ర్యాంకు అరమార్కుతో పోగొట్టుకున్న పెర్షెంగ్, ఇప్పుడు ఊళ్ళో ఆ బెజ్జాలు వెతుకుతోంది. అందరూ ఆమెని ‘మామోస్తా’ అంటారు, పంతులమ్మా అన్నట్టు. సగం గౌరవం, సగం వెటకారం. ఏది ఏ సగమో ఎదుటివాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి.

పన్నెండో గోతాం ఖావర్ అత్తది. మేకబొచ్చుతో నేసిన పాత గోతాం. మూతి చూస్తేనే ఎవరిదో తెలుస్తుంది. ముడి మీద ముడి, ఆ పైన ఇంకో ముడి. ఊళ్ళో అందరికంటే మంచి కాయ ఆవిడదే. కొండ మీద ఇంటికో వాలు, ఎగువ వాలు ఆవిడది. ముప్పై ఏళ్ళుగా ఒక్కతే ఎక్కి కోసుకొస్తుంది, ఏరేవాళ్ళకి పని మిగల్చదు. అలాంటి గోతాంలోంచి మట్టిరంగు కాయ ఒకటి దొర్లింది. నిరుటిది. కొమ్మకే ఎండి వేలాడే రకం. పెర్షెంగ్ బొటనవేలితో చుట్టూ తడిమింది. బెజ్జం లేదు. నిరుటి కాయకి బెజ్జం లేకపోవడం ఏమిటని గోటితో గీకితే, గోట్లోకి ఎర్రటి బంక వచ్చింది. వాసన చూసింది. అడవి పిస్తా బంక, ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దస్తమానం నమిలేది. ఖావర్ అత్త నిద్రలో కూడా నములుతుందని చెప్పుకుంటారు.

వెతికితే అలాంటివి ఇరవై మూడు తేలాయి.

పోయిన కాయ బెజ్జానికి బంక పెట్టి మంచి కాయల్లో కలిపేయడం ఈ ఊరికి తెలియని విద్య కాదు. పెర్షెంగ్ పుట్టకముందు ఒక ఇంటివాళ్ళు ఆ పని చేసి దొరికిపోతే, ఆరేళ్ళు ఏ వ్యాపారీ ఈ ఊరి కాయ ముట్టుకోలేదు. ఆ ఆరేళ్ళూ ఎలా గడిచాయో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పరు, మాట మార్చేస్తారు. అప్పటినుంచీ కట్టుబాటు ఒకటి ఉంది: బంక పెట్టిన చెయ్యి రెండేళ్ళు కొండెక్కకూడదు.

ఫోన్‌లో పట్టిక తెరిచింది. తను తయారుచేసిందే. గోతాం, ఇల్లు, వాలు, బరువు, చివర్న ‘వ్యాఖ్య’. కడుపు కాలిపోతోంది. పొద్దున్న అమ్మ ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి దోల్మా చుడుతూ కనిపించింది. చివరి గడిలో ‘బెజ్జాలకి బంక పెట్టింది, 23’ అని కొట్టి, రెండు కాయలు జేబులో వేసుకుని ఇంటికి పోయింది.

పట్టికలో ఏం రాసినా ఆ క్షణమే సంఘం పెద్ద హాజీ మౌలూద్ ఫోన్‌కి చేరే ఏర్పాటు కూడా తనదే. అది చేసిన రోజు చాలా గర్వపడింది.

మూడు దోల్మాలు లోపలికి పోయాక బుర్ర పనిచేయడం మొదలెట్టింది. ఖావర్ అత్త ఎందుకు పెడుతుంది? పెట్టేదే అయితే మట్టిరంగు మీద నీలం పుయ్యకుండా వదిలేస్తుందా? కూరలు తరిగే పీట మీద ఒక కాయ పెట్టి, కత్తి పిడి దగ్గరి అంచుతో చీల్చింది.

“తిండి దగ్గర పురుగులేంటే, ఛీ!” అంది అమ్మ గులాలె.

పెర్షెంగ్ వినలేదు. బెజ్జం నుంచి కాయ నడిమధ్య దాకా సన్నటి సొరంగం. ఖాళీగా ఉండాల్సింది. ఖాళీగా లేదు. పసుప్పచ్చటి పుప్పొడి ముద్ద, దాని మీద తెల్లటి పురుగు, బంకతో అడ్డుగోడ, మళ్ళీ పుప్పొడి, మళ్ళీ పురుగు. వాకిలికి బంక తలుపు. రెండో కాయ చీల్చింది. అదే సంసారం.

“చచ్చాను,” అంది.

“ఏమైంది?”

“ఇది తేనెటీగమ్మా. పట్టు పెట్టని రకం, ఒంటిది, బియ్యపుగింజకి కాస్త పెద్దది. పాడుబడ్డ కాయలో దూరి పిల్లల్ని పెట్టుకుని, పిస్తా చెట్టు బంక తెచ్చి తలుపేసుకుంటుంది. మనిషి చెయ్యి కాదు.”

“ఈ కాయలో ఉండేది కందిరీగ కదే?”

“అది మొదటి కాపురం. చీమంత కందిరీగ వచ్చి మొగ్గలో గుడ్డు పెట్టి పోతుంది. ఆ మొగ్గ కొమ్మ కావాల్సింది. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఏదో రసం వదిలి చెట్టు మతి పోగొడుతుంది. కొమ్మ సంగతి మర్చిపోయి దాని చుట్టూ ఉండ కడుతుంది చెట్టు. లోపల మెత్తటి తిండి పొర, పురుగు తిన్న చోటల్లా మళ్ళీ ఊరుతుంది. దానిమీద గట్టి పెంకు, ఆ పైన బెండు, అన్నిటికంటే పైన వగరు. ఆ వగరు పురుగుని తరమడానికని చెట్టు అనుకుంటుంది. తీరా చూస్తే పిట్టలు ముట్టకుండా పురుగుకే కాపలా.”

“అచ్చం మీ చిన్నాన్న,” అంది గులాలె. “వచ్చిన రోజు ఒక్క మాటే అన్నాడు, ‘వదినా, ఈ మూల ఎండ బాగా తగులుతుంది’ అని. నెల తిరక్కుండా మీ నాన్న ఆ మూల గది కట్టాడు. ఎవరు కట్టమన్నారంటే ఇప్పటికీ నేనే అనుకున్నానంటాడు.”

“ఆ పురుగు లోపలున్నన్నాళ్ళూ దొడ్డికి కూడా వెళ్ళదు తెలుసా.”

“అయితే మీ చిన్నాన్న కంటే నయం.”

పెర్షెంగ్ చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తింది.

గోదాము ముందు అప్పటికే సగం ఊరుంది. తూకం వేసే సీర్వాన్ కాటా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాజీ మౌలూద్ ఫోన్‌ని చేయి చాచినంత దూరం పట్టుకుని చదువుతున్నాడు. ఖావర్ అత్త వాటికేమీ సంబంధం లేనట్టు గోడ నీడలో నిలబడి బంక నములుతోంది. ఆ దవడ ఆడుతుంటే అందరూ అటే చూస్తున్నారు.

“ఆగండి,” అంది పెర్షెంగ్ రొప్పుతూ. “నేను తప్పు రాశాను.”

హాజీ ఫోన్ దించాడు. “ఏం తప్పు? కాయల్లో బంక లేదా?”

“ఉంది.”

“బెజ్జాలు లేవా?”

“ఉన్నాయి. కానీ పెట్టింది అత్త కాదు. తేనెటీగ.”

ఎవరో కిసుక్కుమన్నారు. హాజీ మాత్రం నవ్వలేదు. అతను చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఎంతో ఆపేక్షగా చూశాడు. “నీది జాలిగుండె తల్లీ. పెద్దావిడని అందరి ముందూ నిలబెట్టేసరికి మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు. కానీ చదువుకున్నదానివి, చూసి రాశావు.”

“చూడకుండా రాశాను! చూసింది ఇప్పుడు, ఇంటికెళ్ళి!”

“ఇంటికెళ్ళాక మీ అమ్మ ఏమన్నా అందేమో,” అన్నారు వెనకనుంచి.

పెర్షెంగ్ సీర్వాన్ వైపు తిరిగింది. “ఆ గడి చెరిపేసెయ్.”

“చెరపడానికి లేదుగా మామోస్తా,” అన్నాడు సీర్వాన్, తెగ సంతోషంగా. “నువ్వే తాళం వేశావు. రాసింది ఎవ్వరూ, చివరికి నేను కూడా మార్చకూడదు, అదే నమ్మకం అని గంటసేపు క్లాసు పీకావు. నేను నిద్రపోయానని తిట్టావు కూడా.”

“ఖావర్, నువ్వేమంటావు?” అన్నాడు హాజీ.

ఖావర్ అత్త నమలడం ఆపింది. “రాసిందిగా,” అంది. గోడని చేత్తో తాకుతూ, నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి సందులోకి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు సోమవారం. పెర్షెంగ్ పొద్దున్నే హాజీ ఇంటికి వెళ్ళింది. చక్కెర బిళ్ళ పంట కింద పెట్టుకుని అతను మూడు గ్లాసుల టీ తాగేదాకా తేనెటీగ జీవితచరిత్ర మొత్తం చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, “మా మేనల్లుడి ఫోన్‌లో చెట్ల జబ్బులు చెప్పేది ఒకటుంది, అందులో పెట్టి చూస్తే తెలుస్తుందా?” అన్నాడు. పెట్టారు. ఫోన్ కాసేపు ఆలోచించి ‘బంగాళాదుంప, కుళ్ళు తెగులు’ అంది.

“చూశావా,” అన్నాడు హాజీ. “మిషన్‌కి కూడా తేనెటీగ కనబడలేదు.”

అక్కణ్ణుంచి గోదాముకి. గోదాములో కోతకి పోయే ఆడవాళ్ళు ఇద్దరు కొక్కేలు సాన పడుతున్నారు. నిన్న మధ్యాహ్నం ఇరవై మూడు కాయలు. ఇవాళ పొద్దుటికి వాళ్ళ నోళ్ళలో రెండు వందలు. అందులో ఒకావిడ ఖావర్ అత్త దాకలో బంక కాచడం కళ్ళారా చూసింది. ఇంకో ఆవిడకి ఇప్పుడు గుర్తొస్తోంది, నాలుగేళ్ళ క్రితం కూడా ఆ గోతాం అదోలా ఉండేది. ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేరు. ఎవరికి వాళ్ళు లోపల్నుంచి ఊరుతున్నదే ఒక పొర తెచ్చి వేస్తున్నారు. పెర్షెంగ్ ఒక్క ముక్క రాసింది, అంతే. మిగతాదంతా ఊరే కడుతోంది.

“మామోస్తా, నువ్వు లేకపోతే మాకేం తెలిసేది,” అంది ఒకావిడ మనస్ఫూర్తిగా. ఈసారిది గౌరవం సగమే. తల బాదుకోవాలనిపించింది.

ఇంట్లో అమ్మ పిండి పిసుకుతూ అంది, “రెండేళ్ళేగా. దొంగతనానికి ఈ ఊళ్ళో మర్యాద ఎక్కువ. పోయినేడు రహీమ్ మోకాలు పోయిందని తెలిసిన వారానికి అతని వాలు చీట్లేసి పంచేశారు. ఎక్కలేని ఇంటికి వాలు లేదు, ఇక ఎప్పటికీ లేదు. ఖావర్ వాలు మీద ఎన్ని కళ్ళున్నాయో తెలుసా? దొంగ కాబట్టి బతికిపోయింది, వాలు దానికే ఉంటుంది.”

“అమ్మా, ఆవిడ దొంగ కాదు.”

“నువ్వేగా అన్నావు.”

మధ్యాహ్నం ఖావర్ అత్త ఇంటికి వెళ్ళింది. గడప దాటకముందే లోపల్నుంచి, “రా, రా, ఆ చెప్పులీడ్చడం ఎప్పుడు మానేస్తావే,” అని వినబడింది. అత్త టీ కాచే సమోవర్ ముందు కూచునుంది. గ్లాసు అంచు లోపలికి వేలు మడిచి పెట్టి టీ వంపింది, వేలికి తగిలాక ఆపింది. అదే వేలు కొంగుకి తుడుచుకుని గ్లాసు ముందుకి తోసింది. పెర్షెంగ్ ఆ టీ వైపు కాసేపు చూసి, శుభ్రత గురించి తర్వాత మాట్లాడదామని తాగడం మొదలెట్టింది.

“అత్తా, రేపు గోదాము దగ్గర అందరి ముందూ కాయలు చీల్చి చూపిస్తాను. హాజీని ఒప్పిస్తాను. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి, బంక నేను పెట్టలేదు అని.”

“నేనే పెట్టాను.”

పెర్షెంగ్‌కి టీ పొలమారింది. “ఏంటీ?”

“నేనే పెట్టాను. పో, రాసుకో.”

“లోపల తేనెటీగ పిల్లలున్నాయి అత్తా! బతికున్నాయి! పుప్పొడి ఉంది!”

“అవి కూడా నేనే పెట్టాను.”

“నీకు... నీకేమన్నా మతి పోయిందా? నీ మీద దొంగ ముద్ర పడుతోంది. నేను నిన్నటి నుంచి ఊరంతా తిరిగి బతిమాలుతున్నాను. ఒక్కరూ వినరు. వినాల్సిన మొదటి మనిషివి నువ్వు, నువ్వేమో—”

“నిన్నెవరు తిరగమన్నారు?” ఖావర్ అత్త గొంతు పెంచలేదు. “రాసేటప్పుడు అడిగావా నన్ను? లేదుగా. చెరిపేటప్పుడెందుకు అడగడం? రెండేళ్ళు ఇంట్లో కూచుంటాను. నా కాళ్ళకీ విశ్రాంతి. రొట్టె తింటావా, పోతావా?”

పెర్షెంగ్ తినలేదు. సందు చివరిదాకా చెప్పులు ఇంకా గట్టిగా ఈడ్చుకుంటూ పోయింది. తప్పు చేసినప్పుడు తనని ఎవరూ ఆపలేదు, దిద్దుకుంటానంటే మాత్రం దొంగతో సహా అందరూ అడ్డమే. ఒప్పుకోకపోతే పీడా పోయె, సాక్ష్యం చీల్చి చూపిస్తే కళ్ళే ఒప్పుకుంటాయి అనుకుంది. చదువులో తనకి నేర్పింది అదొక్కటే.

మంగళవారం పొద్దున హాజీ ఒప్పుకున్నాడు. పెర్షెంగ్ మీద నమ్మకంతో కాదు. బుధవారం నుంచి ఎగువ వాలుల్లో రెండో కోత, గురువారం వ్యాపారి లారీ. ఈలోగా బంక మాట బయటికి పొక్కితే మిగతా గోతాల గతేమిటని రాత్రంతా నిద్ర పట్టలేదట.

గోదాము ముందు చాప పరిచారు. కాటా బల్ల మీద పెర్షెంగ్ కత్తి, తెల్ల పళ్ళెం, చదువుకున్నప్పటి చిన్న మైక్రోస్కోపు పెట్టింది. వైరు ఫోన్‌కి తగిలించింది. ఖావర్ అత్త రానంది, ఇద్దరాడవాళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు. చాప అంచున కూచుని, దవడ ఆడిస్తోంది.

మొదట నీలం కాయ ఒకటి చీల్చింది. గింజంత గదిలో తెల్లటి పురుగు ముడుచుకుని ఉంది. “ఇది ఇంటి యజమాని,” అంది పెర్షెంగ్. తర్వాత బెజ్జం కాయ. ఖాళీ. తర్వాత అత్త గోతాంలోది. చీలగానే పుప్పొడి పళ్ళెంలో రాలింది. వెనకవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. ఇంకోటి. ఇంకోటి. అయిదో కాయలో పిల్ల రెక్కలొచ్చేసి, నల్లగా, తడిగా, బంక తలుపుని లోపల్నుంచి కొరుకుతోంది. ఫోన్‌లో దాని మొహం అరచెయ్యంత కనిపించింది.

“అయ్యో, బంగారం,” అందొక ముసలావిడ.

“ఈ మొహమేనా దాకలో బంక కాచింది?” అన్నాడు సీర్వాన్, నిన్నటి సాక్షి వైపు చూస్తూ. ఆవిడ కొక్కెం సర్దుకుంది.

హాజీ పళ్ళెంలోకి వంగి చూశాడు. వేలితో పుప్పొడి అద్ది, నాలుకకి రాసుకున్నాడు. తీపి. నిటారుగా నిలబడ్డాడు. “తేనెటీగే,” అన్నాడు. “నిన్న నేను వినలేదు. తప్పు నాది.”

రెండు రోజుల్లో మొదటిసారి పెర్షెంగ్‌కి ఊపిరి పూర్తిగా ఆడింది. అది ఎంతోసేపు ఉండలేదు.

“ఒక్కటి అర్థం కాదు,” అన్నాడు హాజీ. కాయ పెంకు ఒకటి తీసి ఎండలో పట్టుకున్నాడు. “ఇవి నిరుటివి. మట్టి రంగు. ఈ ఏటివి నీలం. బంక ఎవరు పెట్టినా రంగు రంగే కదా. ఖావర్ ముప్పై ఏళ్ళుగా కోస్తోంది. ఇరవై మూడు మట్టి కాయలు నీలం కాయలనుకుని ఎలా వేసింది? గుడ్డివాళ్ళకి తప్ప ఎవరికైనా కనబడేదే.”

అతను ఊరికే అన్నాడు. నిజంగా అర్థం కాకే అడిగాడు.

ఖావర్ అత్త దవడ ఆగిపోయింది. తల హాజీ వైపు తిప్పింది. సరిగ్గా హాజీ వైపు కాదు, అతని గొంతు వచ్చిన వైపు, ఒక జానెడు పక్కకి.

పెర్షెంగ్ కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. బొటనవేలు. అత్త ఎప్పుడూ బొటనవేలితోనే ఏరుతుంది, చూసి కాదు. బంక తలుపు వేలికి నున్నగా తగులుతుంది. లోపల తేనెటీగ సంసారం ఉంటే బరువు కూడా మంచి కాయంతే ఉంటుంది. తప్పేది రంగొక్కటే. గ్లాసులో వేలు. గోడ మీద చెయ్యి. చెప్పుల చప్పుడు. నేనే పెట్టాను, పో, రాసుకో. దొంగకి రెండేళ్ళు. ఎక్కలేని ఇంటికి ఎప్పటికీ లేదు.

జనంలో ఒకరిద్దరు అప్పటికే ఖావర్ అత్త మొహంలోకి పరీక్షగా చూస్తున్నారు. ఎగువ వాలుకి ఆనుకునే వాళ్ళ వాలు.

“నేనే తెమ్మన్నాను,” అంది పెర్షెంగ్.

“ఏంటి?”

“ఆ నిరుటి కాయలు. బంక ఉన్నవి కనిపిస్తే ఏరి పట్రా అత్తా, పరీక్ష చేద్దాం అన్నాను. పోయిన నెల్లో. విడిగా పెట్టమని చెప్పలేదు. చెప్పి మర్చిపోయాను.”

హాజీ కనుబొమలు దగ్గరికొచ్చాయి. “నువ్వే తెమ్మని, తెచ్చాక బంక పెట్టిందని రాశావా?”

“ఆకలిగా ఉండింది,” అంది పెర్షెంగ్. ఇంతకంటే నిజం ఆ క్షణంలో ఆమె దగ్గర లేదు.

ముందు సీర్వాన్ నవ్వాడు. తర్వాత చాప మొత్తం. “మామోస్తా తలకాయ కూడా చీల్చి చూడాలి, సొరంగం ఉంటుంది!” అని ఎవరో అరిచారు. “పుప్పొడన్నా ఉంటుందా?” “ఉంటే ఇట్లా ఎందుకు రాస్తుంది?” కొక్కేల ఆవిడైతే నిన్నటి అవమానమంతా తీరిపోయేలా పొట్ట పట్టుకుని నవ్వింది. పెర్షెంగ్ చెవులు మండుతున్నాయి. మొదటి ర్యాంకు పోయిన రోజు కూడా ఇంత మండలేదు.

హాజీ నవ్వలేదు. “ఖావర్, నిజమేనా?”

ఖావర్ అత్త బంక ఒక దవడ నుంచి రెండో దవడకి మార్చింది. “పిల్లకి మతిమరుపు,” అంది. “నేనేం చెయ్యను?”

“మరి ఆదివారం చెప్పొచ్చుగా?”

“గుర్తొస్తుందేమో చూద్దామని.”

మళ్ళీ నవ్వులు. హాజీ పెర్షెంగ్ వైపు తిరిగాడు. గొంతులో ఆదివారం నాటి ఆపేక్ష లేదు. “నీ ఒక్క మాట మీద ఒక ఇంటి పరువు తీయబోయాం. రేపట్నించి ఏరడం సీర్వాన్ చూసుకుంటాడు. నువ్వు కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు.”

సీర్వాన్ నవ్వడం ఆపేశాడు. దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, “ఆ తాళం తీసే మాట చెప్పు, ఆ గడి చెరిపేస్తాను,” అన్నాడు. చెప్పింది. అది పద్నాలుగు అక్షరాల మాట. అతను రెండుసార్లు తప్పు కొట్టాడు.

సందు తిరిగి, జనం గొంతులు ఆగిపోయాక, ఖావర్ అత్త పెర్షెంగ్ మోచెయ్యి పట్టుకుంది. ఆప్యాయంగా కాదు, మెట్లు దిగడానికి.

“నిన్నెవరు అడిగారే?” అంది.

“అత్తా, ఎప్పట్నుంచి?”

“పోయినేడు మంచు కరిగినప్పట్నుంచి. ముందు పొగలా ఉండేది. ఇప్పుడు పాలలో చూసినట్టుంది. నీ మొహం అక్కడుందని తెలుస్తుంది, ముక్కు ఎక్కడో తెలీదు.”

“అది కంట్లో పొర అయ్యుంటుంది. తీసేస్తారు. పట్టణంలో ఒక్క పూట పని.”

“ఆ సంగతి నాకు తెలీదా? చలికాలం రాగానే మా అమ్మాయింటికని చెప్పి పోయి తీయించుకుందామని ఎన్నాళ్ళ నుంచో లెక్కేసుకుంటున్నాను. ఇంతలో దొంగనన్నావు. సరే, అదే మంచిదైందనుకున్నాను. రెండేళ్ళు కొండెక్కొద్దంటారు, ఎక్కకపోతే ఎందుకెక్కట్లేదని ఎవరూ అడగరు. దొంగని తిట్టి వదిలేస్తారు. గుడ్డిదాని వాలు పంచుకుంటారు. కళ్ళు తెచ్చుకుని మూడో ఏడు దర్జాగా ఎక్కేదాన్ని. ఎంత చక్కగా కుదిరింది!” అత్త మోచేతిని కుదిపింది. “వచ్చి మొత్తం తగలేశావు. దొరసానిలా నన్ను నిర్దోషిని చేశావు. ఇప్పుడు రేపు పొద్దున్నే అందరూ చూస్తుండగా వాలెక్కాలి. ఎక్కకపోతే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? ఆకలిగా ఉందని చెప్పనా?”

పెర్షెంగ్ లెక్క వేసుకుంది. తను ఆవిణ్ణి రెండుసార్లు ముంచింది. ఒకసారి చూడకుండా, ఒకసారి చూసి.

“ఏ వేళకి బయల్దేరదాం?” అంది.

“బయల్దేరదామా? నువ్వెందుకు?”

“ఉద్యోగం పోయిందిగా. అత్తకి తోడు పోయి పని నేర్చుకుంటోందనుకుంటారు. శిక్ష అనుకుంటారు.”

“శిక్షే,” అంది ఖావర్ అత్త.

బుధవారం ఎండెక్కేసరికి ఇద్దరూ ఎగువ వాలు మీదున్నారు. కింద పక్క వాలులో ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. వాళ్ళు తలెత్తి చూసినప్పుడల్లా ఖావర్ అత్త కొక్కెం ఎత్తి ఏదో ఒక కొమ్మని వంచేది. దారిలో ఆవిడ ఎక్కడా తడబడలేదు. ఏ రాయి కదులుతుందో, ఏ చెట్టు దగ్గర తల వంచాలో పాదాలకే తెలుసు. రెండుసార్లు జారింది పెర్షెంగే.

“నీ ఎడం పక్క కొమ్మ. ఇంకా పైది. ఏటా ఆ కొమ్మకి ఎక్కువ పడతాయి,” అంది అత్త చెట్టు మొదట్లో కూచుని. “వంచు, విరక్కు. మొదలు తిప్పి లాగు, మొగ్గ ఊడకూడదు. అయ్యో, పీకడం కాదు, తిప్పడం. నాలుగేళ్ళు ఏం చదివావే?”

“తెగుళ్ళు.”

“చేత్తో కాయ తెంపడం రాకుండానే?”

పెర్షెంగ్ తెంపిన కాయని అత్త చేతిలో పెట్టింది. ఆవిడ అరచేతిలో ఒకసారి ఎగరేసి కింద పారేసింది. “ఇందులో లేదు.”

“నిగనిగలాడే నీలం కాయ అత్తా! బెజ్జం కూడా లేదు.”

“చీల్చుకో.”

చీల్చింది. గదిలో కందిరీగ పురుగు ఎండిపోయి పొట్టులా ఉంది. దాన్ని తినేసిన ఇంకేదో పరాయి పురుగు అక్కడ సుఖంగా పడుకునుంది. పెర్షెంగ్ పళ్ళు నూరుకుంది. ఇంకోటి తెంపి ఇచ్చింది. అత్త ఎగరేసింది, బొటనవేలితో చుట్టూ తడిమింది. ఈసారి పారెయ్యలేదు. గోతాంలోనూ వెయ్యలేదు. అరచేతిలో పట్టుకుని కూచుంది.

“బరువు సరిపోయింది. నున్నగా ఉంది,” అంది. ఇంతసేపటి అదిలింపు గొంతులోంచి పోయింది. “రంగు చెప్పు.”

“నీ—”

“ఉండు. చూసి చెప్పు.”

పెర్షెంగ్ కొమ్మ వదిలేసి దిగి వచ్చింది. కాయ తీసుకుని ఆకుల నీడలోంచి ఎండలోకి నడిచింది. ఒక పక్క చూసింది. తిప్పింది. మొటిమల సందుల్లో దుమ్ము పట్టి ఉంటే కొంగుతో తుడిచింది. మళ్ళీ తిప్పింది. కింద వాలులోంచి ఎవరో పిలుస్తున్నారు, పలకలేదు. తొడిమ దగ్గర, అడుగున, చుట్టూ, ఒక్క జాగా వదలకుండా చూసింది. ఖావర్ అత్త చెయ్యి చాచి, తొందర పెట్టకుండా కూచునుంది.

“నీలమే అత్తా,” అంది పెర్షెంగ్.

అత్త కాయ అందుకుని గోతాంలో వేసుకుంది. “తర్వాతది,” అంది.